'బీడీఎల్' అని రాసినంత మాత్రాన బోరు నీరు మంచిదైనట్టేనా?

ప్రశ్న: మాది తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రం శివారు. మా ఇంటికి సుమారు 60 మీటర్ల దూరంలో పాతికేళ్ల నాటి పెట్రోలు బంకు ఉంది. నిరుడు ఏప్రిల్‌లో పొద్దున్నే మోటారు వేసినప్పుడు మొదటి రెండు మూడు బకెట్ల నీటిలో పెట్రోలు వాసన వచ్చింది. పట్టిన నీరు కాసేపటికి ఎర్రబడుతోంది కూడా. వీధివాళ్లమంతా కలిసి ఫిర్యాదు చేస్తే బంకు ఆవరణలో మూడు పరిశీలక బోర్లు వేసి, అక్టోబరులో ఒకసారి నమూనాలు తీశారు. పెట్రోలులో ఉండే బెంజీన్ మొదలైనవన్నీ 'బీడీఎల్' (బిలో డిటెక్షన్ లిమిట్) అని వచ్చిన రిపోర్టు చూపించి, ఇక భయపడాల్సింది ఏమీ లేదన్నారు. ఫిబ్రవరి నుంచి మళ్లీ వాసన మొదలైంది. ఆ రిపోర్టును నమ్మవచ్చా? మేమే నమూనా తీయించుకోవాలంటే ఏం చేయాలి? ఈలోగా స్నానానికీ వంటకూ ఈ నీళ్లు వాడవచ్చా? ఇంట్లో 70 ఏళ్ల మా అమ్మగారు, మూడేళ్ల పాప ఉన్నారు.

సమాధానం: మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే మిగిలిన ప్రశ్నలు వారం పది రోజులు ఆగినా అది ఆగదు. తాగడానికీ వంటకూ ఆ బోరు నీటిని ఈ రోజు నుంచే మానేయండి. స్నానానికి కూడా, ముఖ్యంగా పాపకు, నల్లా నీరో ట్యాంకరు నీరో దొరికినంత మేరకు వాడండి. మూసి ఉన్న స్నానాల గదిలో వేడి నీళ్లు పోసుకుంటున్నప్పుడు నీటిలోని పెట్రోలు ఆవిరై ఊపిరితో లోపలికి పోతుంది కాబట్టి, ఆ నీరు తప్ప గతిలేని రోజున కిటికీ తెరిచి ఉంచి త్వరగా ముగించండి. మరిగిస్తే పోతుందిలే అని ఎవరైనా చెబితే వినవద్దు: బెంజీన్ 80 డిగ్రీల దగ్గరే మరుగుతుంది గనుక గిన్నెలోంచి వెళ్లిపోయే మాట నిజమే గానీ, అది వెళ్లేది మీ వంటింటి గాలిలోకే. ఇంట్లో ఉండే ఆర్‌ఓ యంత్రం ప్రధానంగా నీటిలోని లవణాలను తీసేందుకు తయారైనది, బెంజీన్ వంటి చిన్న అణువులను అది నమ్మకంగా ఆపలేదు. అందులోని కార్బన్ ఫిల్టరు కొంత పీల్చుకున్నా, దాని శక్తి ఏ రోజున అయిపోయిందో మీకు తెలిసే మార్గం లేదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. బెంజీన్ మనుషులకు రక్త క్యాన్సరు కలిగిస్తుందని నిర్ధారణ అయిన పదార్థం. తాగే నీటిలో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అమెరికాలో చట్టం పెట్టిన హద్దు 5 మైక్రోగ్రాములు. 10 మైక్రోగ్రాములంటే, మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు నిండా ఉన్న నీటిలో ఒక బెంజీన్ చుక్కలో దాదాపు నాలుగో వంతు కలిసినట్టు. బెంజీన్ ఒక్కటే అయితే దాని వాసన ముక్కుకు తెలియాలంటే ఈ హద్దుకు వంద రెట్లకు మించి ఉండాలి. మీకు తెలుస్తున్న వాసన పెట్రోలులోని ఇతర పదార్థాలది కావచ్చు. అందువల్ల వాసన వచ్చిన నీటిని వద్దనడం ఎంత సరైనదో, వాసన తగ్గిన నెలల్లో ఆ నీటిని మళ్లీ నమ్మడం అంత తప్పు.

ఇక రిపోర్టు సంగతి. దాన్ని అబద్ధమని నేను అనను, అనడానికి నా దగ్గర ఆధారం లేదు. ల్యాబు తన దగ్గరికి వచ్చిన సీసాలో ఏముందో మాత్రమే చెబుతుంది. ఆ సీసాలోకి వచ్చిన నీరు ఎక్కడిది, ఎప్పటిది, ఎలా నింపినది అన్న మూడు సంగతులూ ల్యాబు రిపోర్టులో ఉండవు, అవి నమూనా తీసినవారి ఫీల్డ్ షీటులో ఉంటాయి. కాబట్టి మీరు మొదట అడగవలసింది ఆ ఫీల్డ్ షీటును. అది లేదన్నారంటే, రిపోర్టులోని అంకెలు ఎంత చక్కగా ఉన్నా వాటికి పునాది లేనట్టే.

బీడీఎల్ అంటే 'గుర్తించగల హద్దుకు లోపల' అని మాత్రమే అర్థం, సున్నా అని కాదు. ఆ హద్దు ఎంత అన్నది పరీక్ష పద్ధతిని బట్టి, యంత్రాన్ని బట్టి మారుతుంది. నీటిలోంచి ఆవిరి పదార్థాలను వెలికి లాగి గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ మాస్ స్పెక్ట్రోమీటరు అనే యంత్రం మీద కొలిచే ల్యాబు, లీటరుకు ఒక మైక్రోగ్రాము బెంజీన్‌ను కూడా పట్టుకోగలదు. అదే లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాకా మాత్రమే చూడగలిగిన పద్ధతి వాడి ఉంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దుకు దాదాపు పది రెట్లు బెంజీన్ ఉన్న నీటికి కూడా బీడీఎల్ అనే రాస్తారు. ఇందులో మోసమేమీ అక్కర్లేదు, ప్రమాణానికి తగని పరీక్ష చేయించడమే చాలు. మీ రిపోర్టులో ప్రతి పదార్థం ఎదుట ఆ హద్దు అంకె ముద్రించి ఉందో లేదో చూడండి, లేకపోతే ల్యాబు నుంచి రాతపూర్వకంగా అడిగి తెప్పించండి.

తరువాతిది అక్టోబరు అన్న మాట. దీని దగ్గర కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మీ వీధి కష్టంలో చాలా భాగం ఇందులోనే ఉందని నా అనుమానం. పెట్రోలు నీటికంటే తేలిక, లీటరు బరువు 720 నుంచి 775 గ్రాముల మధ్య ఉంటుంది. ట్యాంకు నుంచో పైపు అతుకు నుంచో కారిన పెట్రోలు మొరంలోంచి కిందికి దిగి, నీటిమట్టం తగలగానే దాని మీద పరుచుకుంటుంది. వేసవిలో నీటిమట్టం దిగిపోతుంటే దానితోపాటే ఇంధనమూ దిగుతూ, దిగిన మేరా మట్టికి పూత పూసినట్టు అంటుకుపోతుంది. వానలు పడి నీరు పైకి లేచినప్పుడు ఆ పూత నీటి కింద చిక్కుబడుతుంది. అప్పుడు బోరులో తేలే ఇంధనం కనిపించదు, పైన చేరిన కొత్త వాననీటి వల్ల కరిగిన పదార్థాల మోతాదూ తక్కువగా కనిపించవచ్చు. మళ్లీ నీరు దిగడం మొదలైన ఫిబ్రవరి, మార్చి నెలల్లో అది బయటపడుతుంది. మీకు వాసన వచ్చిన నెలలూ, రాని నెలలూ ఈ క్రమానికి అచ్చంగా సరిపోతున్నాయి. కొన్ని స్థలాల్లో దీనికి విరుద్ధంగా నీరు పెరిగినప్పుడే, పూత పట్టిన మట్టిని కొత్త నీరు తడిపి, బెంజీన్ మోతాదు పెరగడమూ ఉంది. మీ స్థలం ఏ రకమో ఒక్క నమూనా చెప్పలేదు. కేంద్ర భూగర్భ జల మండలి మామూలు నీటిమట్టాన్ని కొలవడానికే జనవరి, వేసవి, ఆగస్టు, నవంబరు అంటూ ఏడాదికి నాలుగు సార్లు బావుల దగ్గరికి వెళుతుంది. కాలుష్యం అనుమానం ఉన్న చోట అంతకంటే తక్కువ ఎలా సరిపోతుంది? కనీసం ఒక పూర్తి ఏడాది, మూడేసి నెలలకు ఒకసారి, ప్రతి బోరు నుంచీ నమూనా తీయాలని పట్టుబట్టండి.

పరిశీలక బోర్లు ఎలా వేశారన్నది అంతకంటే ముఖ్యం. మన ప్రాంతంలో బోరు వేసే బండివాళ్లకు అలవాటైన పద్ధతి ఒకటే: పైనున్న మట్టి, మొరం కూలిపోకుండా రాయి తగిలేదాకా రంధ్రాలు లేని కేసింగ్ పైపు దింపి, ఆ కింద రాతిలో డ్రిల్లింగ్ చేస్తారు. తాగునీటి బోరుకు అది మంచి పద్ధతే. కాలుష్యాన్ని చూడటానికి వేసే బోరును కూడా అలాగే వేస్తే, నీటిమట్టం మొరంలోనే ఉన్న రోజుల్లో దాని మీద తేలే ఇంధనం కేసింగ్ బయటే నిలిచిపోతుంది. బోరు లోపల ఎంత జాగ్రత్తగా వెతికినా దొరకదు. పరిశీలక బోరుకు సన్నని చీలికలున్న పైపు ఉండాలి. ఆ చీలికల భాగం వేసవిలో అతి తక్కువ నీటిమట్టానికి కిందనుంచి వానాకాలంలో అతి ఎక్కువ మట్టానికి పైదాకా రావాలి. పైపు చుట్టూ శుభ్రమైన ఇసుక, దాని మీద తడిస్తే ఉబ్బే బెంటొనైట్ మట్టితో గానీ సిమెంటుతో గానీ బిగువైన మూత వేయాలి, లేకపోతే బంకు నేల మీద చిందిన నూనె వాననీటితో నేరుగా బోరులోకి దిగి లెక్కలన్నిటినీ చెడగొడుతుంది. ఆ మూడు బోర్ల నిర్మాణ పటాలు ఇవ్వమని అడగండి: లోతు, కేసింగ్ ఎంతవరకు ఉంది, చీలికలు ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉన్నాయి అన్నవి అందులో ఉండాలి.

మూడూ బంకు ఆవరణలోనే ఉన్నాయన్నారు. నీరు ఏ దిక్కుకు నడుస్తోందో తెలియడానికి కనీసం మూడు బోర్లు కావాలన్నది నిజమే, అయితే మూడింటి పైపు అంచుల ఎత్తును లెవెల్ పరికరంతో కొలిచి ఉంటేనే ఆ లెక్క కుదురుతుంది. పైగా మనది చాలాచోట్ల గ్రానైటు నేల. నీరు రాతిలో పగుళ్ల వెంట నడుస్తుంది, పటం మీద గీసిన బాణం చెప్పినట్టే నడవాలని లేదు. మీ వీధిలో రోజూ నడిచే మోటార్లన్నీ కలిసి ఆ నీటిని తమవైపు లాగుతూ ఉంటాయి కూడా. కాబట్టి బంకుకు ఎగువన ఒకటి, బంకుకూ మీ ఇళ్లకూ మధ్య కనీసం రెండు బోర్లు ఉండాలి, మీ ఇళ్ల బోర్లను కూడా నమూనాల జాబితాలో చేర్చాలి. బంకు లోపల ఏముందన్నది వారికి కావలసిన సమాధానం, మీ ఇంటివైపు ఏం వస్తోందన్నది మీకు కావలసినది.

నమూనా తీసే రోజున మీలో ఒకరిద్దరు అక్కడే ఉండండి, ఏం చూడాలో చెబుతాను. మొదట ఏ మోటారూ వేయకముందు, నూనెకూ నీటికీ తేడా తెలిసే టేపు మీటరును బోరులోకి దింపి నీటిమట్టాన్నీ, పైన ఇంధనం పొర ఉంటే దాని మందాన్నీ కొలవాలి. మిల్లీమీటర్లలో కొలవవలసిన పని ఇది. పొర కనిపించిన బోరు నుంచి కరిగిన పదార్థాల నమూనా తీయడంలో అర్థం లేదు, ఆ పొరను నమోదు చేయడమే అక్కడి ఫలితం. తరువాత, పైపులో చాలాకాలంగా నిలిచిన నీరు కాక భూమిలోని నీరు రావాలి. పాత పద్ధతిలో పైపులోని నీటికి మూడు నుంచి అయిదు రెట్లు తోడేవారు. ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకు 21 లీటర్లకు పైగా నీరుంటుంది గనుక 40 మీటర్ల నీరున్న బోరును అలా తోడితే రెండున్నర వేల లీటర్లకు తక్కువ కాదు, ఆ తోడుడుతో నీరు కలగాపులగమై ఆవిరి పదార్థాలు ఎగిరిపోతాయి. ఇప్పుడు సరైనదిగా ఎంచే పద్ధతిలో చిన్న పంపుతో నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్ల చొప్పున, బోరులో నీటిమట్టం 10 సెంటీమీటర్లకు మించి పడిపోకుండా మెల్లగా తోడుతూ, మూడు నుంచి అయిదు నిమిషాలకోసారి పీహెచ్, విద్యుత్ వాహకత, కరిగిన ఆక్సిజన్ రాసుకుంటారు. పీహెచ్‌లో 0.1, వాహకతలో 3 శాతం, ఆక్సిజన్‌లో 10 శాతం లోపు తేడాతో వరుసగా మూడు రీడింగులు కుదిరాకే సీసా నింపుతారు. ఆ రీడింగులన్నీ ఫీల్డ్ షీటులో వరుసగా కనిపించాలి.

సీసా నింపడం చూడటానికి చిన్న పనే, కానీ ఎక్కువ నమూనాలు పాడయ్యేది అక్కడే. బెంజీన్‌కు వాడేది 40 మిల్లీలీటర్ల గాజు సీసా, మూతలో టెఫ్లాన్ పూత ఉన్న బిళ్ల ఉంటుంది. మంచినీళ్ల ప్లాస్టిక్ బాటిల్‌లో పట్టిన నమూనాను నేను పరీక్షకు పంపను, ఎవరినీ పంపనివ్వను. గాజు సీసాలో ల్యాబువారు ముందే కొన్ని చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి ఇస్తారు, దారిలో సూక్ష్మజీవులు బెంజీన్‌ను తినేయకుండా అది కాపాడుతుంది. అందుకని సీసాను కడగకూడదు, పొర్లించి ఆమ్లాన్ని పోగొట్టకూడదు. నీటిని గోడ వెంట మెల్లగా జారేలా పట్టి, అంచు మీద నీరు ఉబ్బెత్తుగా నిలిచేదాకా నింపి మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టి చూడాలి. గాలి బుడగ కనిపిస్తే ఆ నమూనా పనికిరాదు, నీటిలోని బెంజీన్ ఆ బుడగలోకి చేరుతుంది. వెంటనే ఐసు పెట్టెలో పెట్టి 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఆమ్లం ఉన్నదాన్ని 14 రోజుల్లోగా, లేనిదాన్ని 7 రోజుల్లోగా పరీక్షించి తీరాలి. ల్యాబు నుంచి శుద్ధజలంతో నింపి పంపిన సీసా ఒకటి పెట్టెతోపాటు వచ్చి, తెరవకుండానే తిరిగి వెళ్లాలి, దాన్ని ట్రిప్ బ్లాంక్ అంటారు. దానిలో కూడా బెంజీన్ కనిపిస్తే అది బోరుది కాదు, దారిలో అంటినదని తెలుస్తుంది. ఒక బోరు నుంచి జంట నమూనా తీసి, అదే బోరుదని ల్యాబుకు చెప్పకుండా వేరే పేరుతో పంపడం కూడా మంచి అలవాటు. జనరేటరు పక్కన నడుస్తుండగానో, దారిలో బండికి పెట్రోలు పోయించుకున్న చేతులతోనో సీసా ముట్టుకుంటే ఈ శ్రమంతా వృథా. కాలుష్యం తక్కువ అనుకున్న బోరుతో మొదలుపెట్టి ఎక్కువ ఉన్నదానితో ముగించాలి.

మీరే చేయించుకునేదానికి, నీటిలో బెంజీన్ పరీక్షకే ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబును వెతకండి. గుర్తింపు ల్యాబు మొత్తానికి కాదు, పరీక్ష పరీక్షకూ వేరుగా ఉంటుంది కాబట్టి వారి గుర్తింపు జాబితాలో ఆ పేరు చూసుకోండి. టీడీఎస్, ఫ్లోరైడు, నైట్రేటు చూసే మామూలు తాగునీటి ప్యాకేజీ మీ సమస్యకు పనికిరాదు. అడగవలసినవి బెంజీన్, టోలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్లు, నాఫ్తలీన్, ఎంటీబీఈ, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు. పెట్రోలులో కలిపే ఎంటీబీఈని వదలవద్దు. మట్టికి అంటుకోకుండా నీటితో సమానంగా పరుగెత్తే పదార్థమది, 1996లో అమెరికాలోని శాంటా మోనికా నగరం తన తాగునీటి బావులను మూసుకోవలసి వచ్చింది దానివల్లే. నమూనాను మేడ మీది ట్యాంకు కొళాయి నుంచి కాక, బోరు నుంచి వచ్చే పైపుకు ట్యాంకు ముందే ఉన్న కొళాయి దగ్గర, ధార సన్నగా చేసి పట్టాలి. మీ విషయంలో రెండు జతలు తీయించమంటాను: రాత్రంతా ఆగిన మోటారును పొద్దున వేయగానే ఒకటి, అరగంట నడిచాక ఒకటి. నియమం ప్రకారం రెండోదే భూగర్భజలానికి ప్రతినిధి, అయితే మీ ఇంట్లోవాళ్లు వాడింది మొదటి బకెట్ల నీరు కూడా కదా.

పట్టిన నీరు ఎర్రబడుతోందని కూడా రాశారు. అది పట్టించుకోవలసిన విషయమే. భూమిలోని సూక్ష్మజీవులు ఇంధనాన్ని తింటాయి. అందుకు ముందు నీటిలోని ఆక్సిజన్‌ను, తరువాత నైట్రేటును వాడుకుని, అవి అయిపోయాక మట్టిలోని ఇనుప తుప్పును కరిగించి వాడుకుంటాయి. అలా కరిగిన ఇనుము బకెట్లో గాలి తగలగానే ఎర్రగా విరుగుతుంది. కేసింగ్ పైపు తుప్పు వల్ల కూడా ఎర్రబడవచ్చు గనుక ఇదొక్కటే రుజువు కాదు, కానీ బోర్లలో కరిగిన ఆక్సిజన్, నైట్రేటు, ఇనుము, సల్ఫేటు, మీథేన్ కొలిస్తే సంగతి తేలుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. సూక్ష్మజీవులు మొదట దాన్నే తిని ఆక్సిజన్ అంతా ఖర్చు చేస్తాయి కాబట్టి బెంజీన్ అరగకుండా మరింత దూరం పోతుంది. ప్రకృతే శుభ్రం చేస్తుందని మీకు ఎవరైనా చెబితే, ఎంత కాలంలో అని అడగండి. అమెరికాలోని మిన్నెసోటాలో బెమిడ్జి దగ్గర 1979 ఆగస్టులో ముడిచమురు పైపులైను పగిలింది. 1983 నుంచి శాస్త్రవేత్తలు ఆ స్థలాన్ని వదలకుండా గమనిస్తున్నారు. సూక్ష్మజీవులు తింటూనే ఉన్నాయి, చమురు దశాబ్దాల తరువాత కూడా భూమిలో ఉంది.

ఫిర్యాదును ఇప్పుడు కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికీ, కలెక్టరు కార్యాలయానికీ రాతపూర్వకంగా ఇవ్వండి. వాసన వచ్చిన తేదీలు, ఎన్ని ఇళ్లు, ఏ బోరు ఎంత లోతు అన్నవి పట్టికగా జతచేయండి. 2025 జూలైలో కేంద్రం ప్రకటించిన కలుషిత స్థలాల నిర్వహణ నియమాల కింద, అనుమానిత స్థలం సంగతి తెలిసిన 90 రోజుల్లో రాష్ట్ర మండలి ప్రాథమిక పరిశీలన చేయాలి, బాధ్యులెవరో తేలితే శుభ్రం చేసే ఖర్చు వారిదే. పెట్రోలు ట్యాంకుల లైసెన్సు చూసే పెసో సంస్థకు కూడా ఒక ప్రతి పంపి, భూగర్భ ట్యాంకులకూ పైపులకూ లీకు పరీక్ష చేయించమనీ, రోజువారీ డిప్ రీడింగులను (ట్యాంకులోకి కొలకర్ర దింపి చూసిన ఇంధనం మట్టాన్ని) అమ్మకాలతో సరిచూడమనీ కోరండి. లీకు ఇంకా నడుస్తుంటే బోర్లలో ఎంత కొలిచినా పాత్రకు చిల్లు పెట్టుకుని నీళ్లు నింపినట్టే అవుతుంది. 2013లో చెన్నై తండయార్‌పేటలో ఇళ్ల బోర్లలో ఇంధనం కనిపించినప్పుడు, భూమిలోని పైపులైను లీకు బయటికి రావడానికీ, ఆ వ్యవహారం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లడానికీ మూలం అక్కడి నివాసులు నోరు విప్పడమే.

మరొక్క జాగ్రత్త. మీ వీధిలో వాడని పాత చేదబావి ఏదైనా ఉంటే దానిలోకి ఎవరినీ దిగనివ్వకండి, అగ్గిపుల్ల గీసి తొంగి చూడనివ్వకండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, బావి అడుగున చేరి నిలుస్తుంది. దాన్ని మూసి, పిల్లలు చేరకుండా కంచె వేయించండి.

నీటిమట్టం అట్టడుగుకు చేరే మే నెలలో ఒక విడత నమూనాలు తప్పనిసరిగా తీయించండి. ఫలితాలతోపాటు ఫీల్డ్ షీటు, బోర్ల నిర్మాణ పటాలు, ట్రిప్ బ్లాంక్ అంకెలు కూడా పంపితే, అక్టోబరు రిపోర్టును వాటి పక్కన పెట్టి చూసి మళ్లీ రాస్తాను.